కిరాణా చీటీలో 45 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు

ప్రశ్న: మాది విజయనగరం, దాసన్నపేట దగ్గర అద్దె ఇల్లు. నేను బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పని చేస్తాను. ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. మా వారు పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఎ, బి, సి షిఫ్టులు వారానికొకటి చొప్పున మారుతుంటాయి. పాపకు 13 ఏళ్ళు, బాబుకు 8. మా అత్తగారికి 66 ఏళ్ళు, పదేళ్ళుగా సుగరు ఉంది. పాప ఎప్పుడూ నీరసంగా ఉంటోందని రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. డాక్టరుగారు మాత్రలు రాసి, మంచి ఆహారం పెట్టమన్నారు. నాకున్న టైములో, నెలకు తిండికి పెట్టగలిగిన 12,000 రూపాయల్లో ఆ మంచి ఆహారం ఎలా పెట్టాలో తెలియడం లేదు. వారంలో నాలుగు రోజులు ఉదయం టిఫిను బండి దగ్గరే తెప్పిస్తున్నాను. రేషను బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయని వాటిని వండుకోవడం మానేశాం. ఓట్స్, క్వినోవా లాంటివి కొనమంటారా? మీకు అర్థమవుతుందని పోయిన నెల కిరాణా చీటీ, పైఖర్చుల లెక్క జతచేస్తున్నాను. – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరంతోపాటు చీటీ పంపడం చాలా మేలు చేసింది. ఏం తింటున్నారని అడిగితే ఎవరమైనా బాగా వండుకున్న రోజునే గుర్తు తెచ్చుకుని చెబుతాం. కిరాణా చీటీకి అటువంటి మొహమాటం ఉండదు. మీ చీటీలో సన్నబియ్యం 45 కిలోలు, కందిపప్పు కిలోన్నర, పెసరపప్పు అరకిలో, పామాయిలూ పొద్దుతిరుగుడు నూనే కలిపి 6 లీటర్లు, పంచదార 4 కిలోలు, పిల్లలు పాలలో కలుపుకునే పొడి డబ్బా ఒకటి ఉన్నాయి. గుడ్లు లేవు. పల్లీలు, శనగలు, ఉలవలు, చోళ్ళు (రాగులు) ఏవీ లేవు. నేను క్వినోవా గురించి ఆలోచించకముందే నా కన్ను ఆ బియ్యం అంకె మీదా దాని కింద ఉన్న పప్పు అంకె మీదా ఆగిపోయింది.

ఒక్కసారి లెక్క చూడండి. ఐదుగురికి 30 రోజులకు 45 కిలోలంటే, చిన్నపిల్లవాడినీ పెద్దావిడనూ కలుపుకుని కూడా మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం. అదే లెక్కన 2 కిలోల పప్పు మనిషికి రోజుకు 13 గ్రాములు, అంటే ఒక చెంచాకు కొంచెం ఎక్కువ. దాన్ని ఐదుగురికి సరిపెట్టాలంటే పప్పు పలచబడి చారుకు దగ్గరవుతుంది, ఆ పలచటి పప్పుతో అంత అన్నమూ దిగదు కనుక ఆవకాయ ముక్కో, వేపుడో పక్కన కావలసి వస్తుంది, వేపుడు వచ్చిందంటే నూనె 6 లీటర్లకు చేరుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహారానికి ఇచ్చిన మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కిలోకేలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్డూ చేపా మాంసమూ అన్నీ కలిపి 85 గ్రాములు, ఆకుకూరలూ కూరగాయలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని ఉంది. మీ ఇంట్లో ఆదివారం వండే కోడికూరను కలిపినా ఆ 85 గ్రాముల దరిదాపుల్లోకి రావడం లేదు. కనుక మీకు కావలసింది కొత్త ధాన్యమేమీ కాదు. ఉన్న ధాన్యాన్ని కొంచెం తగ్గించి, పక్కన ఉండవలసినవాటిని పెంచడమే పని.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ అసలు ప్రశ్న. అది ఇప్పటికే మీ చేతిలోంచి వెళ్తున్న డబ్బులోనే ఉంది. మీరు రాసిన పైఖర్చులనే కూడాను: బండి టిఫినుకు రోజుకు 120 చొప్పున వారానికి నాలుగు రోజులంటే నెలకు 1,920 రూపాయలు, బడి నుంచి వచ్చాక పిల్లలిద్దరి చిప్సు ప్యాకెట్లకు రోజుకు 20 చొప్పున 26 రోజులకు 520, పాలలో కలిపే పొడి డబ్బా 480, ఆదివారాల కూల్‌డ్రింకులు 400. మొత్తం 3,320. నూనెను 6 లీటర్ల నుంచి 4 లీటర్లకు దించితే ఇంకో 300 మిగులుతుంది. నాలుగు లీటర్లంటే కూడా మనిషికి రోజుకు 24 గ్రాముల దాకా పడుతుంది కాబట్టి, కూరలు నోటికి పట్టవన్న బెంగ అక్కరలేదు.

ఈ 3,620 రూపాయలలో ఏమేమి వస్తాయో చూద్దాం. పిల్లలిద్దరికీ రోజుకో గుడ్డు, పెద్దలకు రోజు విడిచి రోజు ఒకటి అంటే నెలకు సుమారు 105 గుడ్లు. ఒక్కొక్కటి ఏడు రూపాయలనుకుంటే 735. పెసలు, శనగలు, ఉలవలు, కందిపప్పు కలిపి మరో 3 కిలోలకు 400 అనుకుందాం. ఇప్పుడు టీకే సరిపోతున్న అరలీటరు పాలకు తోడు, తోడుపెట్టడానికని ఇంకో అరలీటరు తీసుకుంటే నెలకు 900. వారానికి 100 రూపాయల ఆకుకూరలు, 100 రూపాయల పండ్లు అదనంగా తీసుకుంటే రెండూ కలిసి 800. పల్లీలు కిలోన్నరకు 220, చోళ్ళు 3 కిలోలకు 150. కూడితే 3,205. ధరలు మీ వీధిలో అటూ ఇటూ అయినా ఇంకా 400 చేతిలో ఉంటుంది, అది ఇంటి టిఫిన్ల మినపప్పుకు చాలు. బియ్యం 45 నుంచి 38 కిలోలకు వస్తే మిగిలేది దీనిలో చేర్చనే లేదు.

ఆ పొడి డబ్బా మాట కూడా చెప్పాలి. దాని వెనుక చిన్న అక్షరాలలో అచ్చువేసిన పట్టికను పాప చేత ఒకసారి చదివించండి. నూరు గ్రాములలో చక్కెర ఎంతో అక్కడే ఉంటుంది. ఎత్తు పెరగడమూ, చురుకు పెరగడమూ డబ్బా ముందువైపు బొమ్మలో జరిగే పనులు.

ఇక టైము సంగతి. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. వండటం, కొనడం, కడగడం, సర్దడం అన్నింటికీ కర్త ‘నేను’ అనే ఉంది. మీ వారు ఎ షిఫ్టు వారంలో తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కినా, మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇంట్లో ఉంటారని మీరే రాశారు. అంటే మీకంటే ఐదు గంటల ముందు. బి షిఫ్టు వారంలో ఉదయమంతా ఇంట్లో ఉంటారు. సి షిఫ్టు వారంలో రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పడుకోవాలి కనుక ఆ వారం ఆయన్ని వదిలేద్దాం. వీధిలోకి వెళ్ళి టిఫిను పొట్లం కట్టించుకు రావడానికి పట్టే ఇరవై నిమిషాలలో కుక్కరు దించవచ్చు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు; అడిగి ఉండరు, ఆయనకూ తోచి ఉండదు. మన వైపు ఇళ్ళలో మగవాడు వంటింట్లోకి వస్తే అత్తగారి ముఖం ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు. కానీ హిమోగ్లోబిన్ 9.4 ఉన్న పిల్ల కోసం అన్నప్పుడు ఆవిడే ఒప్పుకుంటారు, ముందు ఆవిడతోనే మాట్లాడండి.

కనుక షిఫ్టును బట్టి పని పంచండి. బి షిఫ్టు వారం ఆయన ఉదయం రైతుబజారుకు వెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు తెస్తారు. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ అక్కడ ఆ రోజు ధరల బోర్డు పెట్టే పద్ధతి ఉంది. లోపలికి వెళ్ళగానే కూరగాయల వైపు కాకుండా బోర్డు వైపు చూసి, ఆ పూట ఏవి చవకో వాటినే సంచిలో వేయమనండి. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, పొట్లకాయ, గుమ్మడికాయ కాలాన్ని బట్టి ఒకటి దిగితే ఒకటి ఎక్కుతుంటాయి. క్యాలీఫ్లవరే కావాలని వేసవిలో వెతుక్కోవడం వల్లనే కూరగాయలు ఖరీదనిపిస్తాయి. ఎ షిఫ్టు వారం సాయంత్రం వంట ఆయనది, అంటే కుక్కరులో అన్నం, పప్పులో ఆకు, అంతే. వేపుడు జోలికి పోనవసరం లేదు. ఆకు ఏరే పని మీ అత్తగారు మధ్యాహ్నం టీవీ చూస్తూ చేయగలరు. ఏరిన ఆకును కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. కడిగి పెడితే మర్నాటికే జిగటగా అయిపోతుంది, చాలామంది ఇక్కడే విసిగి ఆకుకూరలు మానేస్తారు.

ఉదయం టిఫిను మీద నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ కారిపోతున్నదీ, పాప కడుపు ఖాళీగా ఉండిపోతున్నదీ అక్కడే. మీకు సరిపడే టిఫిను పెసరట్టు. దానికి పులియబెట్టడం అక్కరలేదు, బియ్యమూ అక్కరలేదు. రాత్రి పడుకునే ముందు పావుకిలో పెసలు నీళ్ళలో పోయండి. ఉదయం రెండు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, జీలకర్ర వేసి మిక్సీలో తిప్పితే ఐదు నిమిషాల్లో పిండి తయారు. ఆ పావుకిలో పెసలలో దాదాపు 60 గ్రాముల మాంసకృత్తులుంటాయి. అంటే ఇంటిల్లిపాదికీ తలా 12 గ్రాములు, రెండేసి గుడ్లు తిన్నంత. ఖర్చు బండి టిఫినులో మూడోవంతుకు మించదు. వారానికి రెండు రోజులు ఇది చేయండి. మరో రెండు రోజులు ఇడ్లీ. ఆదివారం రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో బుధవారం దాకా ఉంటుంది. ఇడ్లీ పాత్రలో అడుగున పోసే నీళ్ళలోనే శుభ్రంగా కడిగిన గుడ్లు నాలుగో ఐదో వేసేయండి. ఇడ్లీ ఉడికేసరికి గుడ్లూ ఉడుకుతాయి, గ్యాసు వేరే ఖర్చవదు. గురువారానికి పిండి పులిస్తే అందులో రెండు గుప్పిళ్ళ చోడి పిండి, ఉల్లిపాయ ముక్కలు కలిపి అట్లు పోసుకోవచ్చు.

ఈ ఇడ్లీ పిండికే మీరు వద్దనుకున్న రేషను బియ్యం వాడుకోండి. అందులో మిగతా గింజలకంటే కొంచెం తేడాగా, కాస్త పసుపుగానో మరీ తెల్లగానో కనిపించే గింజలు ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి, మళ్ళీ గింజ ఆకారంలో ఒత్తి, మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపి ఇస్తూ వచ్చారు. రక్తం తక్కువగా ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా వాటిని చేటలో చెరిగి ఏరి పారేస్తుంటే, ఆ పిల్ల కోసం పంపినదాన్నే పారేసినట్టవుతుంది. నేను చూసిన ఇళ్ళలో ఈ గింజలను ఏరేది చాలా శ్రద్ధగా వంట చేసే ఇల్లాళ్ళే, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. బియ్యాన్ని రెండుసార్లకు మించి కడగవద్దు, గంజి వార్చి పారబోయవద్దు. బియ్యంలోని బి విటమిన్లు నీళ్ళలో కరిగేవి కాబట్టి వాటిలో ఎక్కువ భాగం ఆ నీళ్ళతోనే పోతుంది. పుట్టుకతో సికిల్ సెల్, తలసీమియా వంటి రక్త జబ్బులున్నవారు మాత్రం ఈ బియ్యం విషయం డాక్టరును అడగాలి.

ఎ షిఫ్టు వారంలో మీ వారు ఖాళీ కడుపుతో టీ తాగి బస్సెక్కుతున్నారని రాశారు. దానికి మన పెద్దల పద్ధతే సులువు: రాత్రి మిగిలిన అన్నం చల్లారాక శుభ్రమైన గిన్నెలో నీళ్ళు పోసి మూతపెడితే, తెల్లారేసరికి చల్దన్నం. పెరుగు, ఉల్లిపాయ, ఉప్పు కొంచెం తక్కువ. నాలుగున్నరకు లేచి వండేవాళ్ళు లేని ఇంట్లో ఇంతకంటే తయారుగా ఉండే తిండి ఇంకొకటి లేదు. ఎండాకాలంలో మాత్రం పొద్దెక్కితే వాసన మారుతుంది, తెల్లవారుజామునే తినేయాలి.

పాప విషయానికి వస్తాను. 13 ఏళ్ళ ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 11కు తగ్గి 8 దాకా ఉంటే దాన్ని ఓ మాదిరి తీవ్రమైన రక్తహీనతగా లెక్కిస్తారు. అంటే 9.4 తిండితో మాత్రమే సర్దుకునే స్థాయి కాదు, మాత్రలు తప్పవు. ఇది మీ ఇంట్లోనే వచ్చిన వింత కూడా కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది, కాబట్టి వీలైతే మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. మాత్రలు వేడి చేస్తాయని, మలం నల్లగా అవుతోందని వారానికే ఆపేసేవాళ్ళు చాలామంది. నల్లగా అవడం ఇనుము వల్లే, దానికి భయపడనక్కరలేదు. వికారంగా ఉంటే తిన్న తరువాత వేయమనండి. పాలతోనూ టీతోనూ మాత్రం వేయకూడదు, నీళ్ళతోనో నిమ్మరసంతోనో వేయాలి. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా డాక్టరుగారికి చెప్పండి.

మీ ఉత్తరంలో ఒక మూలన, పాప ఉదయం టీలో బిస్కెట్లు ముంచుకుని తిని బడికి వెళ్తుందని, సాయంత్రం రాగానే అన్నం తిని మళ్ళీ టీ తాగుతుందని రాశారు. నా దృష్టిలో మీ ఇంట్లో ముందు మారవలసింది అదే. తిండితోపాటు తాగే టీ ఆ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మానలేకపోతే భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. అదే సమయంలో నిమ్మకాయ, జామకాయ, ఉసిరి, టమాటా వంటి పులుపులు ఇనుము పట్టడానికి సాయపడతాయి. కనుక తోటకూర పప్పు దించాక పైన నిమ్మకాయ పిండటం రుచి కోసం మాత్రమే కాదు. మధ్యాహ్నం డబ్బాలో ఒక జామకాయ ముక్కలు కోసి పెట్టండి, మన వైపు అది దొరకని వీధి లేదు.

ఎర్రగా ఉన్నవన్నీ రక్తం పట్టిస్తాయన్న నమ్మకంతో దానిమ్మకాయలకూ బీట్‌రూట్‌కూ డబ్బు పోయకండి, వాటిలో ఇనుము పెద్దగా ఉండదు. బెల్లం కూడా అంతే. పంచదారకు బదులు వాడుకోవచ్చు గాని అదీ తీపే. ఒంటికి బాగా పట్టే ఇనుము మాంసంలో, చేపలో, అన్నింటికంటే కార్జంలో ఉంటుంది. ఆదివారం కోడిమాంసం తెచ్చేటప్పుడు కిలో పావుకు బదులు ముప్పావు కిలో తీసుకుని, పాప కోసం నూరు గ్రాముల కార్జం విడిగా అడగండి. అది మాంసం కంటే చవక. మిరియాలు వేసి వేయిస్తే పిల్లలు వద్దనరు. కోడికూరలో మిగిలిన డబ్బుతో వారం మధ్యలో ఒక రోజు చేపలు తీసుకోండి. చింతపల్లి, కోనాడ తీరం నుంచి వచ్చే కవళ్ళు, నెత్తళ్ళు పెద్ద చేపల ధరకంటే చాలా తక్కువకే దొరుకుతాయి. నెత్తళ్ళను ముల్లుతో సహా తింటారు కనుక కాల్షియమూ అందుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ చేపల డబ్బును గుడ్లకు మళ్ళించండి. ఎండు చేపలు అప్పుడు చవకగా కనిపిస్తాయి, కానీ వాటిలో ఉప్పు ఎక్కువ. వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వంకాయలో నాలుగు ముక్కలు వేసుకుంటే చాలు. అత్తగారికి బి.పి. కూడా ఉంటే ఆవిడకు వద్దు.

చోళ్ళ గురించి ఒక మాట. పాత తరం మన వైపు చోడి అంబలి తాగే పొలానికి వెళ్ళింది. నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఏ ధాన్యంలోనూ అంత లేదు. ఎదిగే పిల్లలకు అందుకే మంచివి. అయితే ఇప్పుడు చోళ్ళతో రక్తం పడుతుందని, సుగరు పోతుందని చెప్పడం ఎక్కువైంది. వాటిలోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తే కొంత మెరుగవుతుంది. బాబు పాలలో పొడి కావాలని మారాం చేస్తాడు కాబట్టి, ఆ డబ్బా ఖాళీ అయ్యాక ఈ పిండినే అందులో పోసి ఉంచండి. గట్టిగా కాచి కొంచెం బెల్లం, వేయించిన పల్లీల పొడి వేస్తే, కొన్నాళ్ళకు ఆ రుచికే అలవాటు పడతాడు. డబ్బా మార్చకపోవడం మోసమే అనుకోండి, ఈమాత్రం మోసానికి మీ అత్తగారు కూడా సాక్షి ఉంటారు.

చిప్సు ప్యాకెట్లను ఒక్కసారిగా ఆపకండి, ఆపితే పక్కింటి పిల్లవాడి చేతిలోవి తింటాడు. శనివారం ఒక్కరోజుకు ఉంచి, మిగతా రోజులు ఉలవ గుగ్గిళ్ళు, శనగలు, ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న పొత్తులు, చిలగడదుంపలు తిప్పండి. ఉదయం నానేసి వెళ్తే సాయంత్రం కుక్కరు పెట్టడం అత్తగారి వల్ల అవుతుంది. ఇంగువ, కరివేపాకు తాలింపు పడితేనే పిల్లలు ముట్టుకుంటారు. వట్టి ఉడికించినవి పెట్టి తినలేదంటే తప్పు పిల్లలది కాదు. బాబు ప్రభుత్వ బడిలో చదువుతున్నాడు కాబట్టి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చోడి జావ, చిక్కీ ఇచ్చే రోజులు ఏవో కనుక్కోండి. ఆ రోజుల్లో ఇంట్లో గుడ్డు పాపకు రెండోది అవుతుంది.

అత్తగారికి విడిగా వండనవసరం లేదు, విడిగా వడ్డిస్తే చాలు. అన్నం మానేసి రాత్రి మూడు చపాతీలు తింటున్నారని రాశారు. కూర చెంచాడు, చపాతీలు మూడు అయితే అది అన్నం తిన్నదానికి పెద్ద తేడా కాదు. చపాతీ అయినా అన్నమైనా కొద్దిగా పెట్టి, పళ్ళెంలో సగం కూరా ఆకూ ఉండేలా, పక్కన పప్పో గుడ్డో ఉండేలా చూడండి. పలచగా కాచిన చోడి జావ సుగరుకు మందు అనుకుని పెద్ద గ్లాసులతో తాగనివ్వకండి. పిండిగా కాగి పలచబడిన గంజి త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుంది. చోళ్ళే కావాలనుకుంటే జావకంటే చోడి రొట్టె మేలు. మాత్ర వేసుకుని ఉపవాసం ఉండటం అసలు పనికిరాదు, చక్కెర ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

ఆవిడ గురించి ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి దగ్గర అని రాశారు. ఉద్దానం మూత్రపిండాల జబ్బు సంగతి మన రెండు జిల్లాలలో తెలియనివారు లేరు. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. దానికితోడు పదేళ్ళ సుగరు. కాబట్టి పప్పులూ ఆకుకూరలూ పెంచమని నేను ఇక్కడ చెప్పినదంతా ఆవిడకు వర్తింపజేయకముందే, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. అవి బాగుంటే ఇంటిల్లిపాదితోపాటు ఆవిడా తినవచ్చు. తేడా ఉంటే ఎంత పప్పు, ఏ ఆకు, ఎంత ఉప్పు అన్నది డాక్టరు చెప్పాలి, నా ఉత్తరం కాదు.

ఓట్స్, క్వినోవా అడిగారు. తినడం తప్పు కాదు, కానీ ఆ క్వినోవా ప్యాకెట్టు ధరకు మీకు కిలోల కొద్దీ పెసలు వస్తాయి. ఓట్స్ బదులు వారానికొకసారి మన గంటెల (సజ్జల)తోనో సామలతోనో ఉప్మా చేసుకోండి.

ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెట్టకండి. ఈ వారం టీ వేళ మార్చి, గుడ్ల అట్ట ఒకటి కొనండి. రెండో వారం పెసరట్టు, మూడో వారం పప్పులో ఆకు. ఎ షిఫ్టు వారం వచ్చినప్పుడు మీ వారికి కుక్కరు అప్పగించండి. మొదటి రోజు పప్పు అడుగంటుతుంది, ఏమీ అనకండి. పాపకు నెలన్నర దాటాక ఒకసారి రక్త పరీక్ష చేయించి, అంకె పెరగడం మొదలైందో లేదో డాక్టరుగారికి చూపించండి. పెరిగిందని మాత్రలు మీరే ఆపవద్దు. 12 దాటాక కూడా ఒంట్లో నిల్వ చేరడానికి ఇంకొన్ని నెలలు వేయమంటారు. మాత్రలు సరిగా వేస్తున్నా అంకె కదలకపోతే అప్పుడు కారణం తిండిలో లేదన్నమాట, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో పాపను మీరు పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, ఆ మాట డాక్టరుగారి దగ్గర దాచకుండా చెప్పండి.